బంతి మధ్యలో లేచేవాడు

నమోదు 1. పొడుగు పగలు, రెండో షిఫ్టు దిగాక

రోజూ ఏం తిన్నావో, ఎన్నిసార్లు వెళ్లావో రాయమని డాక్టర్ షాహీన్ ఈ పలక ఇచ్చింది. ఎన్నిసార్లు వెళ్లానో నేను రాయక్కర్లేదు. మా సొరంగంలో దొడ్డి తలుపు తెరిస్తే చాలు, నీళ్ల లెక్క దానంతటదే ఆమె తెర మీద పడుతుంది. ఆ భాగ్యం ఆమెకే వదిలేసి మిగతాది రాస్తాను.

నా పేరు ఐలేశు. సొరంగం గోడలకు గాలి కారకుండా పూత పూసే పని. మా ముత్తాతలు గోదావరి పక్కన బొగ్గుబాయిల్లో దిగేవాళ్లట. మేం చంద్రుడిలో దిగాం. ఇక్కడ బొగ్గు లేదు గానీ చీకటి మాత్రం అదే. ఆరేళ్ల కింద నా పెద్దపేగంతా పుండ్లు పడితే తీసేశారు. చిన్నపేగు కొసను కడుపు కుడివైపు నుంచి బయటికి తెచ్చి దాని మీద సంచి అంటించారు. ఎర్రగా, తడిగా ఉండే ఆ కొసను మావాళ్లు రెండో బొడ్డు అనేవాళ్లు. "ఐలేశుకు ఇద్దరు తల్లులు, అందుకే రెండు బొడ్లు" అని ఎగతాళి. అమ్మ పోయాక మా స్వరూపక్క నన్ను పెంచిందిలెండి, అందుకు.

పోయిన పొడుగు రాత్రి, అంటే పద్నాలుగు రోజుల చంద్రుడి రాత్రిలో, ఆ రెండో బొడ్డు మూసేశారు. అక్క తన పేగులోంచి జానెడు కోయించుకుని ఇచ్చింది. షాహీన్ దాన్ని తొట్టిలో పెంచి, తిత్తిలా మలిచి, నా లోపల కుట్టింది. ఇప్పుడు నేను అందరిలాంటి మనిషిని. అక్క రోజూ పొద్దున్నే కూరమళ్లకు పోతూ నా దగ్గర ఆగి కడుపుకు చెవి ఆనిస్తుంది.

"మాట్లాడుతుందిరా తమ్మీ."

"ఏమంటుంది?"

"ఆకలంటుంది. నా పేగు గదా, దానికెప్పుడు ఆకలే."

ఇవాళ కొత్త పేగుతో మొదటిసారి బంతిలో కూర్చున్నాను. షిఫ్టు మొత్తం ఒకే వరుసన కూర్చుని తినే బంతి అది. అక్క నా పక్కన కూర్చుని, పెళ్లికొడుకును చూపించినట్టు నన్ను అందరికీ చూపించుకుంది. మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క, పచ్చిపులుసు. నాలుగు బుక్కలు తిన్నానో లేదో లోపల ఎవరో తలుపు బాదినట్టయింది. ఆపుకున్నాను. ఇంకోసారి బాదింది. లేచాను.

నాతోపాటు బంతి మొత్తం లేచింది.


నమోదు 2. అదే పగలు

ఇంకా సిగ్గు పోలేదు. ఈ పలక చదివేవాళ్లు బయటివాళ్లయితే ఇదంతా పిచ్చి అనుకుంటారు. బంతిలో ఒకరు లేస్తే అందరూ లేవాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. లేచి, గోడకు వేలాడే ముసుగులు తొడుక్కుని, తలలు లెక్కపెట్టుకోవాలి. లేచిన బంతి మళ్లీ కూర్చోదు. హాలు మూసి, గాలి మార్చి, తర్వాతి షిఫ్టుకు సిద్ధం చేయాలి. మెతుకు బయటికి పోతే గాలి జల్లెడలో ఇరుక్కుంటుంది కనుక కంచం చేతపట్టుకుని పోవడానికి లేదు. మిగిలిందంతా ఎరువు తొట్టికే.

చకచకా మింగేవాళ్లకు దీనితో పెద్ద నష్టం లేదు. నష్టమంతా లచ్చవ్వకు. నోట్లో ఒక్క పన్ను లేదు. ప్రతి బుక్కనూ చిగుళ్లతో నలిపి నలిపి తింటుంది. నేను లేచేసరికి ఆమె కంచంలో గట్క ముద్ద ముద్దగానే ఉంది.

షిఫ్టు అయ్యాక వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఈ నియమం పెట్టించింది ఆమే.

"అవ్వా, తప్పయింది."

"తప్పెట్లయితది కొడుకా. లేవబుద్ధయింది, లేసినవ్. నువ్వు లేసినంక మేం కూసుంటే తప్పు."

"నీకు బువ్వ లేకుండ అయింది."

"ఒక్కపూటకు సావను." కాసేపు చిగుళ్లు నమిలింది. "ఆనాడు నర్సయ్య చెవులు గుయ్యిమంటున్నయని లేసిండు. ఎవ్వరికి చెప్పలే. పాపం, తిననియ్యి అనుకున్నడు. నేనెందుకో ఆయనెన్క పోయిన. మా ఆయనను గూడ రమ్మన్న. 'ఈ బుక్క తిని వస్త' అన్నడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. గాలి కారింది, తలుపు వడ్డది. ఆ బంతిల సగం మంది మల్ల లేవలే."

ఈ కథ మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆమె నోట విన్న ప్రతిసారీ ఆ బుక్క ఆయన తిన్నాడా లేదా అన్న అనుమానం నాకొస్తుంది. అడగలేదు.


నమోదు 5. పొడుగు రాత్రి మొదలు

చేసిన ప్రయోగాలు.

బంతికి ముందు పస్తు ఉన్నాను. లాభం లేదు. నోట్లో బుక్క పడగానే లోపల తలుపు బాదుడు మొదలవుతుంది. పైగా మూడోసారి గోడ పూత దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. షాహీన్ తిట్టింది. "మీరు తినకపోతే అది ఎండిపోతుంది. మీ అక్కగారు కోసి ఇచ్చింది ఎండబెట్టడానికా?" అంది. ఎక్కడ కొట్టాలో బాగా తెలుసు ఆమెకు.

బంతిలో పసిపిల్లల్లా గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. ఆ పూట గురించి రాయను.

వేరుగా తింటానని చెప్పాను. బంతి అంటే తిండి మాత్రమే కాదు, తలల లెక్క కూడా. రానివాణ్ణి ఎవరో ఒకరు వెతుక్కుంటూ పోవాలి. దానికి ఒప్పుకునేవాళ్లేమో గానీ అక్క ఒప్పుకోలేదు. "నా తమ్ముడు అంటురోగమొచ్చినోని లెక్క మూలకు కూసుని తింటడా? అందుకేనా నేను కోయించుకున్నది?" అని కంచం నెట్టేసి, నాతోపాటు తనూ మూలకే వస్తానంది. దాంతో ఆ మాట అక్కడితో ఆగింది.

లచ్చవ్వ ఇచ్చిన సలహా: "కింద తొర్ర ఉన్న కుర్చీ చేయించుకోరాదు? కూసున్నకాడనే అయిపోతది, లేసే పనే ఉండదు." బంతి అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వినందుకు కూడా లేవాల్సి వచ్చింది.

లచ్చవ్వ బుగ్గలు లోపలికి పోయాయి. మెడ దగ్గర ఎముకలు పైకి తేలాయి. నేను చూడనట్టు నటిస్తున్నాను. ఆమె కూడా నటిస్తోంది.


నమోదు 6

ఇవాళ నిజాయితీగా రెండువైపులా రాస్తాను.

సంచి ఉన్న ఆరేళ్లూ ఒక్క పూట కూడా బంతి మధ్యలో లేవలేదు. సంచి దాని పని అది చేసుకునేది, నా పని నేను. కానీ సంచి దేవుడిచ్చిన వరం ఏమీ కాదు. బయట పనిలో ఉండగా అంటింపు ఊడి, తొడుగు సూటు లోపల మోకాళ్ల దాకా కారితే, షిఫ్టు పూర్తయ్యేవరకు ఆ కంపులోనే గోడకు పూత పూశాను. చుట్టూ తోలు ఎర్రగా ఒరుసుకుపోయి మంట. నలుగురిలో ఉన్నప్పుడు రెండో బొడ్డు దానికి బుద్ధి పుట్టినప్పుడు గురగురమనేది. బోర్లా పడుకోవడం మరిచిపోయాను.

ఇప్పుడు బోర్లా పడుకుంటున్నాను. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్లు ఆరేళ్లు వెల్లకిలా పడుకుని చూడండి. స్నానాల గదిలో కడుపు మీద నీళ్లు జారుతుంటే ఏడ్చాను కూడా. అక్క ఆ సంగతి సొరంగమంతా చెప్పుకుంది.

షాహీన్ ఇవాళ కూర్చోబెట్టి చెప్పింది. పేగు బాగానే అతుక్కుంది. ఈ తొందర ఏడాదికి సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. వద్దనుకుంటే తీసేసి మళ్లీ సంచి పెడుతుంది.

"కానీ ఈసారి తీస్తే మళ్లీ కుట్టడానికి లోపల చోటు మిగలదు, ఐలేశ్ గారూ. అప్పుడు సంచి శాశ్వతం. బాగా ఆలోచించుకోండి."

"అక్క ఒప్పుకోవాల్నా?"

"అక్కర్లేదు. ఇచ్చేశాక అది మీదే. మీ ఒక్కరి మాట చాలు."

ఒప్పుకోవాలి అని ఉంటే ఎంత బాగుండేది. అక్క ఒప్పుకోదు కనుక నేను ఓర్చుకుంటూ మంచివాణ్ణి అనిపించుకునేవాణ్ణి.


నమోదు 9. పొడుగు రాత్రి సగం

నిన్న సొరంగం కూడింది. విషయం నా పేగు. మనిషి పేగు మీద ఊరంతా మాట్లాడుకోవడం ఎక్కడన్నా ఉందా? మా దగ్గర ఉంది.

చివరికి తేల్చింది ఇది: ఐలేశు లేస్తే లేచినట్టు కాదు. వాడు పోయి రావచ్చు, బంతి కూర్చునే ఉంటుంది. అందరూ సరేనన్నారు. లచ్చవ్వ ఒక్కతే చెయ్యి ఎత్తలేదు.

"అవ్వా, నీ కోసమే గదా," అంది అక్క.

"నా కోసమైతే వద్దు బిడ్డా. కాళ్లకు ఒకపారి కూసోవుడు నేర్పిస్తే, మల్ల లేవమంటే లేవయ్."

ముసలిదాని చాదస్తం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.


నమోదు 12. పొడుగు పగలు

అంతా బాగుంది. లేస్తున్నాను, పోతున్నాను, వచ్చి మళ్లీ కూర్చుంటున్నాను. మొదట్లో నేను లేవగానే అందరి తొడలూ బిగుసుకునేవి, సగం లేచి కూర్చునేవాళ్లు. ఇప్పుడు తలెత్తి కూడా చూడటం లేదు. లచ్చవ్వ కంచం ఖాళీ అవుతోంది, బుగ్గలు కాస్త పైకొచ్చాయి. అక్క నాతోపాటే లేచి తలుపు పట్టుకుంటుంది, నీళ్లు అందిస్తుంది. ఒక్కోసారి నాకంటే ముందే నా మొహం చూసి లేస్తుంది. వద్దంటే వినదు.

"నీ పేగు కాదురా అది, నాది. దాని సంగతి నాకెర్క."

ఈ మాట నవ్వుతూనే అంటుంది. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. గాడిదలా మోస్తున్నదేదో నాది కాదని రోజూ గుర్తుచేస్తున్నట్టుంటుంది. ఇంత చేసిన మనిషి మీద ఇలాంటి ఆలోచన వచ్చిందని రాసుకోవడానికి చేతులు రావడం లేదు, అయినా రాశాను.


నమోదు 13

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి షిఫ్టు బంతి. అంబలి, ఎండబెట్టిన పుట్టగొడుగుల కూర. నాకు విచిత్రంగా ఏ తొందరా లేదు. హాయిగా తింటున్నాను. పక్కనున్న అక్క తల పైకెత్తి ముక్కు ఎగబీల్చింది. నన్నోసారి చూసింది. లేచింది.

నేను లేవలేదు.

నా కోసమే లేచింది అనుకున్నాను. నా మొహంలో నాకే తెలియనిదేదో చూసి ముందుగా తలుపు దగ్గరికి పోతోంది అనుకున్నాను. బంతి మొత్తం అదే అనుకుంది. ఒక్క తల కూడా లేవలేదు. నేనైతే ఇంకో బుక్క తిన్నాను. పుట్టగొడుగు కూర బాగుందని కూడా అనుకున్నాను.

లచ్చవ్వ కంచం నేలకేసి కొట్టిన చప్పుడు వినబడింది. మోకాళ్లు పట్టేసిన ఆ ముసలావిడ గోడ పట్టుకుని నిలబడి, "లెవ్వుండ్రి! లెవ్వుండ్రిరా!" అని అరుస్తోంది. అప్పుడు లేచాం. లేచాక వచ్చింది మాకు తీగలు కాలిన వాసన.

బ్యాటరీ గదిలో మంట. అక్క ఒక్కతే వెళ్లి, తన వెనక అందరూ వస్తున్నారనుకుని, కరెంటు ఆపే మీట దించడానికి కాలుతున్న కడ్డీని చేత్తో పట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరట. మేం చేరేసరికి మీట దిగింది. మంట గాలి గొట్టం దాకా పోలేదు. పోయి ఉంటే ఈ పలక రాసేవాడు ఉండేవాడు కాదు.

అక్క కుడి అరచేయి తోలంతా లేచిపోయింది.

లచ్చవ్వ వైద్యశాల బయట నేల మీద కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను తిడితే బాగుండేది.

"అవ్వా, నేను గూడ లేవలే. ఒక బుక్క తిన్న."

ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది. "ఆయన గూడ తినే ఉంటడు," అంది.


నమోదు 14

అక్కకు అన్నం తినిపించడం నా పని. వేళ్లకు కట్టు, ఎడంచేత్తో తినడం ఆమెకు చేతకాదు. చిన్నప్పుడు నాకు తినిపించినట్టే నోరు తెరవమని నేనంటే, నాలాగే మొరాయిస్తుంది.

నేను సంచికి పోతానని ఇవాళ చెప్పాను. ముద్ద నోట్లో ఉండగా చెప్పాను. అది పిరికితనం, తెలుసు.

ఆమె మింగింది. "చెయ్యి కాలింది. పేగు కాలలే. దాన్నెందుకు తీసుడు?"

"నేను లేస్తుంటే బంతి చెడిపోతుందక్కా. లేచినా లేవనట్టే అని అందరికి నేర్పిన. నువ్వు కాలిపోయినా ఎవ్వరు లేవలే."

"నాలుగు దినాలైతే మల్ల నేర్చుకుంటరు. నువ్వు లేసినప్పుడల్ల లేస్తరు. లచ్చవ్వకు నా కంచంల సగం పెడత."

"ఎన్నేండ్లు?"

"డాక్టరమ్మ ఏడాది అన్నది."

"సర్దుకోకపోవచ్చు అని గూడ అన్నది."

"ఓర్సుకో." కట్టు కట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని చూసుకుంది. "నేను ఓర్సుకోలే? కోసినకాడ ఇప్పటికి గుంజుతది. పులుపు తింటే మెలికె తిరుగుత. ఒక్కనాడన్న నీకు చెప్పిన్నా?"

చెప్పలేదు. నిజంగానే ఒక్కనాడూ చెప్పలేదు. బంతి బాగు, లచ్చవ్వ ఆకలి, పిల్లల ప్రాణాలు అంటూ మళ్లీ అదే పాట మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"తమ్మీ. బంతి పేరు చెప్పకు."

"అదేంది అక్కా?"

"నిన్ను ఎత్తుకుని పెంచిన. నీ మొఖం నాకెర్క. మంట రాకముందే నీకు సంచి మీద పానం పోయింది. అవునా కాదా? నీకు దానితోని సుఖమైతే సుఖమని చెప్పు. నా చెయ్యిని అడ్డం పెట్టుకోకు."

నేను ఈ పలక మీద కూడా రాయని మాట అది. మంట చల్లారిన ఆ పూట, అక్క చెయ్యి చూసి ఏడుస్తూనే, లోపల ఏదో మూల 'ఇప్పుడు తీసేయొచ్చు' అని తేలికపడ్డాను. మా అక్క అరచేయి నాకు సాకు దొరికినట్టయింది. ఇంతకంటే నీచం ఏముంటుందో నాకు తెలియదు.

"నాకు సంచే సుఖమక్కా," అన్నాను. "బోర్ల పడుకోవాలె, నీళ్లు పోసుకోవాలె అని ఉంటది. కానీ దినమంతా దొడ్డి తలుపు ఎంత దూరముందో చూసుకుంట బతుకుతున్న. పని మీద మనసు లేదు, తిండి మీద లేదు. సంచి ఉన్నప్పుడు ఐలేశుగా ఉన్న. ఇప్పుడు ఉత్త పేగుగా ఉన్న."

ఆమె ఎడంచేత్తో కట్టు సర్దుకుంది.

"గిదే మొదలు చెప్తే అయిపోతుండె," అంది. "కోయించుకోకపోదును."

"నువ్వు అంత సంబురపడుతుంటే ఎట్ల చెప్పాలె?"

"సంబురపడ్డ. అవును." నోరు తెరిచింది. ముద్ద పెట్టాను. నమిలి, మింగి, ఇంక చాలని తల తిప్పుకుంది. నేను కంచం కడగడానికి లేచేసరికి ఆమె ఏడుస్తోంది. నేనున్నంతసేపూ ఏడవకుండా ఆగిందన్నమాట.


నమోదు 15. కోతకు ముందు

షాహీన్ మూడోసారి అడిగింది, ఖాయమేనా అని. ఖాయమే అన్నాను. నిద్రవేళంతా బోర్లా పడుకున్నాను, నిద్ర పట్టకపోయినా.

అక్క రాలేదు.


నమోదు 16. పొడుగు రాత్రి

రెండో బొడ్డు తిరిగొచ్చింది. పాత చోటుకు కాస్త పైన, కొత్తగా, బుల్లి నోరులా ఎర్రగా ఉంది. అద్దంలో చూసి దానికి నమస్కారం పెట్టాను. రెండో పూటకే అంటింపు ఊడి పక్కంతా తడిపింది. 'నువ్వు మారవు' అన్నాను దానితో. తోలు మంట పుడుతోంది. శాశ్వతం అనే మాట మామూలప్పుడు పెద్దగా అనిపించదు. ఇలా పక్క మార్చుకునేటప్పుడు అనిపిస్తుంది.

తీసిన పేగు ఏమైందని షాహీన్‌ను అడిగాను. మా దగ్గర ఒంటి నుంచి వచ్చిందేదీ పారేయరు. వేలైనా, పన్నైనా, మనిషైనా మట్టికే ఇస్తారు. ఆ మట్టిలోనే కూర పండుతుంది.

"మీ అక్కగారు వచ్చి పట్టుకెళ్లారు," అంది షాహీన్. "ఎడంచేత్తో."

"ఏమన్నా అన్నదా?"

"మెత్తటి గుడ్డ అడిగారు, చుట్టడానికి. పసిపిల్లల్ని చుట్టినట్టు చుట్టారు. ఇంకేం అనలేదు."


నమోదు 19. పొడుగు పగలు

పాత నియమం మళ్లీ వచ్చింది. ఒకరు లేస్తే అందరూ లేవాలి, ఐలేశైనా సరే. పది పూటలు ఉత్తుత్తి లేపుళ్లు లేపి లచ్చవ్వ అందరి కాళ్లకూ మళ్లీ నేర్పింది. ఎవరన్నా ఆలస్యంగా లేస్తే చేతికర్రతో మోకాలి మీద ఒకటి.

ఇవాళ కోత తర్వాత నా మొదటి బంతి. అక్క నాతో మాట్లాడి చాలా రోజులైంది. కోపం కూడా చూపించదు, అదే బాధ. వడ్డన ఇవాళ కూరమళ్లవాళ్లది. అక్క తపేలా ఎడంచంకన పెట్టుకుని, మచ్చలుపడ్డ కుడిచేత్తో గరిటె పట్టుకుని వచ్చింది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు ఇంకా.

తోటకూర పప్పు. కొత్త కోత. ఆకులు ఎర్రగా, లేతగా ఉన్నాయి. ఎన్నడూ లేనంత బాగా కాసిందని పక్కవాడు మెచ్చుకున్నాడు.

"ఏ మడిది స్వరూపక్కా?"

"మూలమడిది," అంది అక్క. నా కంచంలో వడ్డించింది. ఆమె నన్ను చూడలేదు. నేను ఆమెను చూశాను, ఆ గుడ్డలో చుట్టింది ఏ మట్టికి పోయిందో అర్థమైంది.

లేవాలనిపించింది. ఈసారి లోపల తలుపు బాదింది పేగు కాదు. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఆ కూర ముందు నుంచి, ఆ చేతి ముందు నుంచి, నా సుఖం ముందు నుంచి ఎక్కడికైనా పోవాలి. కానీ నేను లేస్తే బంతి లేస్తుంది. కుడివైపు లచ్చవ్వ అప్పుడే మొదటి బుక్క కలుపుకుంటోంది.

కూర్చున్నాను.

అక్క వడ్డన ముగించి వచ్చి నా పక్కన తన చోట్లో కూర్చుంది. అంతకుముందు ఆమె అక్కడ కూర్చోదేమో అనుకున్నాను.

"తిను," అంది. "సల్లారితే మంచిగుండది."

తిన్నాను. బాగుంది. బాగుండటమే భరించలేకపోయాను. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు, లేస్తున్నాననుకుంటారని. ముద్ద వెనక ముద్ద మింగాను. కాసేపటికి కడుపు పక్కన సంచి వెచ్చబడింది. ఆ వెంటనే, బంతి అంతా నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసుకుని, రెండో బొడ్డు గట్టిగా గురగురమంది.

ఎవరో కిసుక్కుమన్నారు. అక్క ముద్ద నోటి దగ్గర ఆగింది. పాత అలవాటు కొద్దీ తల కాస్త నా కడుపు వైపు వంగింది, వెంటనే ఆపుకుంది.

"ఏమంటుందక్కా?" అన్నాను.

"నాకేమెరుక," అంది. "ఇప్పుడది నీది. నువ్వే చెప్పాలె."

ఆమె ఎదురుచూసింది. నిజంగానే నా జవాబు కోసం ముద్ద పట్టుకుని ఎదురుచూసింది.

"ఆకలంటుంది."

అక్క తపేలా దగ్గరికి లాక్కుని, ముడుచుకోని వేళ్లతో గరిటె పట్టుకుని, నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. అటుపక్క నుంచి లచ్చవ్వ కూడా తన కంచం జరిపింది.

"నాకు గూడ ఏయి బిడ్డా. ఇయ్యాల తొందరేం లేదు."

షిఫ్టు గంట మోగింది. అందరి కంచాలూ ఖాళీ అయ్యాయి, ఒక్క నాదీ, లచ్చవ్వదీ తప్ప. ఆమె చిగుళ్లతో నలుపుతూనే ఉంది. ఎవరం లేవలేదు.